ఊపిరి బిగబట్టి బరువెత్తకండి
(సంఘ ప్రత్యేక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరైన వాణ్ణి. నాకు జరిగింది నలుగురికీ ఉపయోగపడుతుందని కార్యదర్శి గారు అంటే ఈ నాలుగు మాటలు చెప్పడానికి నిలబడ్డాను.

మాది శ్రీకాకుళం జిల్లా. కోడి రామమూర్తి నాయుడు గారు ఊపిరి పూరించి ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసును తెంచేవారని వింటూ పెరిగాం. చదువుకునే రోజుల్లో తాలింఖానాలో బస్కీలు తీశాను, బరువులెత్తాను. "ఊపిరి బిగబట్టు, ఎత్తు" అన్నది అక్కడ మొదటి పాఠం. ఆ పాఠమే 68వ ఏట నన్ను పడగొట్టింది.

ఆ రోజు గ్యాస్ కుర్రాడు సిలిండరు గుమ్మం బయట దించి వెళ్లిపోయాడు. గ్యాసు 14.2 కిలోలు, ఖాళీ సిలిండరు మరో 15 కిలోల పైమాటే. వెరసి 30 కిలోలు. అబ్బాయి వచ్చేదాకా ఆగమని మా ఆవిడ చెబుతూనే ఉంది. నేను వినలేదు. పళ్లు బిగించి, ఊపిరి బిగబట్టి, వంటింట్లోకి మోసుకెళ్లాను. దించి "హమ్మయ్య" అన్నానో లేదో, కళ్లు చీకట్లు కమ్మాయి. తెలివి వచ్చేసరికి నా తల మా ఆవిడ ఒళ్లో ఉంది, ఆమె చీరకు నా రక్తం. గట్టు అంచు తగిలి కనుబొమ మీద నాలుగు కుట్లు పడ్డాయి.

డాక్టరు గారు అన్ని పరీక్షలూ చేసి, "మిమ్మల్ని పడేసింది సిలిండరు కాదండీ, బిగబట్టిన ఊపిరి" అన్నారు. ఆయన విడమరిచి చెప్పింది ఇది. గొంతు మూసుకుని ముక్కితే ఛాతీలో, పొట్టలో ఒత్తిడి పెరిగి వెన్నుకు దన్నుగా నిలుస్తుంది. పహిల్వాన్లు అలా చేసేది అందుకే. కాని రక్తపోటు ఒక్కసారిగా లేస్తుంది. గుండెకు తిరిగి రావలసిన రక్తం తగ్గుతుంది. బరువు దించి ఊపిరి వదలగానే రక్తపోటు దబ్బున పడిపోయి, మెదడుకు క్షణకాలం రక్తం చాలదు. 1985లో కెనడా పరిశోధకులు బాడీబిల్డర్ల ధమనిలోనే కొలిచి చూశారు. కాళ్లతో భారీ బరువు నెట్టేటప్పుడు వారి రక్తపోటు సగటున 320/250కి చేరింది. వాళ్లు ఆరోగ్యవంతులైన యువకులు!

2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మన కరణం మల్లీశ్వరి గారు రెండు ఎత్తులూ కలిపి 240 కిలోలతో కాంస్యం తెచ్చారు. అంతటి బరువుకు క్షణమైనా ఊపిరి బిగబట్టక తప్పదు. ఆమె వెనుక ఏళ్ల సాధన, పక్కన కోచ్ ఉన్నారు. మన పక్కన ఉన్నది బి.పి. మాత్రల డబ్బా.

కనుక నేను పాటిస్తున్న పద్ధతి చెబుతాను. ఎత్తే ముందు మామూలుగా ఊపిరి పీల్చండి. ఎత్తేటప్పుడు నోటితో మెల్లగా వదలండి, దించేటప్పుడు పీల్చండి. ఇది గుర్తుండకపోతే "ఒకటి, రెండు, మూడు" అని పైకి లెక్కపెట్టండి. మాట్లాడే మనిషి ఊపిరి బిగబట్టలేడు. మోకాళ్లు వంచి, బరువును ఒంటికి దగ్గరగా పట్టుకోండి. నిండు బకెట్టు బదులు రెండు సగం బకెట్లు మోయండి. మలబద్ధకంతో ముక్కడం కూడా ఇదే ప్రమాదం.

రక్తపోటు, గుండె జబ్బు, హెర్నియా, గ్లకోమా ఉన్నవారు డాక్టరును అడగనిదే బరువుల జోలికి పోవద్దు. బరువెత్తాక ఛాతీ నొప్పి, విపరీతమైన తలనొప్పి వచ్చినా, స్పృహ తప్పినా, "గ్యాసేలే" అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

అలాగని కుర్చీకే అతుక్కుపోవద్దు. కండరాలకు పని చెప్పే వ్యాయామం వృద్ధులకూ వారానికి కనీసం రెండు రోజులు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. డాక్టరు గారి అనుమతితో నేను లీటరు నీళ్ల సీసాలు రెండు చేతులా పట్టుకుని, లెక్కపెడుతూ ఎత్తుతున్నాను. తాలింఖానా మిత్రులు చూస్తే నవ్వుతారు. నవ్వనివ్వండి.

ఒక్క మాట గుర్తుంచుకోండి. ఊపిరి బిగబట్టకుండా ఎత్తలేని బరువు మనది కాదు. దానికి అబ్బాయినో, పక్కింటి కుర్రాణ్ణో పిలవండి. పిలవడానికి నామోషీ పడ్డందుకే నా కనుబొమ మీద ఈ మచ్చ.