కగ సీమ: ఊరి భుజాల మీద రాజ్యం

ఎవరి పేర ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారు రాజుల వరస చెప్పించుకునేవారు కాదు; శిస్తు ఎవరు కట్టారు, ఎవరు వసూలు చేశారు అని అడిగేవారు. జపాన్ పడమటి తీరంలోని కగ అనే పాత సీమ చరిత్రను ఈ సాయంత్రం ఆ దారిలోనే చూద్దాం.

823లో ఎచిజెన్ నుంచి విడదీసి కగను ఏర్పాటు చేశారు. ప్రాచీన జపాన్ ప్రభుత్వం ఏర్పరచిన సీమల్లో ఇదే ఆఖరిది. ఇప్పటి ఇషికావా ప్రిఫెక్చర్‌లో దక్షిణ భాగం. ఒకపక్క సముద్రం, ఇంకోపక్క 2,702 మీటర్ల హకుసాన్ కొండ. ఆ కొండ మంచు కరిగి తెదోరి నదిగా దిగి వరిపొలాలను తడుపుతుంది.

1471లో హోంగాంజి అనే బౌద్ధ మఠం అధిపతి రెన్‌న్యో, కగ పొలిమేర దగ్గర యోషిజాకిలో మకాం పెట్టాడు. అమిద బుద్ధుణ్ణి నమ్ముకుంటే చాలు, తరిస్తారన్నాడు. ఆ మాటనే తేలిక భాషలో ఉత్తరాలుగా రాసి ఊళ్లకు పంపాడు. ఊరివాళ్లు ఒకచోట చేరేవారు. చదువొచ్చినవాడు ఉత్తరం పైకి చదివితే, రానివాళ్లు చెవొగ్గి వినేవారు. భక్తి కోసం కూడిన ఆ జనమే క్రమంగా ఒక కట్టుగా నిలబడ్డారు. శిస్తు ఎగ్గొట్టవద్దని, అధికారులతో తగువు పెట్టుకోవద్దని రెన్‌న్యో హెచ్చరించినా కట్టు తెగలేదు.

1488లో రైతులు, చిన్న సమురాయ్‌లు, పూజారులు ఏకమై తకావో కోటను ముట్టడించారు. సీమాధికారి తొగాషి మసచిక ప్రాణాలు పోగొట్టుకున్నాడు. అయితే వాళ్లు ఆ పదవిని రద్దు చేయలేదు. అదే వంశంలోని వృద్ధుడు యసుతకను పేరుకు గద్దె మీద కూర్చోబెట్టి, పెత్తనం తమ దగ్గర ఉంచుకున్నారు. తొంభై ఏళ్లకు పైగా కగ రైతుల చేతిలోని సీమగా పేరుపడింది. దీన్ని స్వర్ణయుగమని మురిసిపోనక్కర్లేదు. 1531లో ఈ కట్టులోనే అంతర్యుద్ధం రేగింది. తర్వాత హోంగాంజి మఠం పట్టు ఇంకా బిగిసింది.

1580లో యుద్ధప్రభువు ఓద నొబునాగ సేనలు కగలోని కనజావాలో ఉన్న హోంగాంజి వారి మఠాన్ని పట్టుకున్నాయి. ఆ మఠం ఉన్న చోటే కోట లేచింది. 1583లో నొబునాగ సేనానుల్లో ఒకడైన మయేద తొషియియె అందులో అడుగుపెట్టాడు. కగతో పాటు నోతో, ఎచ్చూ కూడా కలిసిన మయేద సంస్థానం రాబడి పది లక్షల కొకుల పైమాట. ఒక కొకు అంటే మనిషికి ఏడాది తిండికి సరిపడే బియ్యం. దేశాన్నేలే సైనిక పాలకుడు షోగున్ తర్వాత అంత రాబడి ఉన్న ప్రభువు ఇంకొకడు లేడు.

అంత ధాన్యం ఎలా చేతికందింది? ఊళ్లను అణచి కాదు, ఊరి పెద్దలనే తమ పాలనలో కలుపుకుని. కొన్నేసి ఊళ్లకు కలిపి ఒక రైతునే పెద్దగా పెట్టి శిస్తు, పంట, తగవు అన్నీ అతనికి అప్పగించారు. 1650లలో మయేద తొషిత్సునె ఇంకో అడుగు వేశాడు. సమురాయ్‌లు తమకు కేటాయించిన ఊళ్లకు నేరుగా వెళ్లి వసూలు చేయరాదన్నాడు. ఊరూరికీ శిస్తు ముందే ఖరారు చేశాడు. చితికిన రైతుకు అప్పు ఇప్పించాడు. కరుణ ఒక్కటే కాదు, లెక్క కూడా. రైతు నిలిస్తేనే కదా శిస్తు! ఖరారైన శిస్తు మాత్రం పంట తగ్గిన ఏడూ మెడ మీదే ఉండేది.

షోగున్‌కు అనుమానం రాకుండా మయేదలు సంపదను కత్తుల మీద కాక కళల మీద పెట్టారని చెబుతారు. కోటలో కవచాలు, ఆయుధాలు బాగుచేసే కార్ఖానా కాలక్రమేణా లక్క మీద బంగారు పొడితో బొమ్మలు తీర్చే చోటయింది. నేటికీ జపాన్‌లో తయారయ్యే బంగారు రేకు దాదాపు అంతా కనజావాదే. టోక్యో విశ్వవిద్యాలయపు ఎర్ర ద్వారం కూడా ఒకప్పటి మయేదల భవంతిదే. షోగున్ కూతురు తమ ఇంటి కోడలై వస్తున్న సందర్భంగా 1827లో కట్టించారు.

1871లో సంస్థానాలు రద్దయ్యాయి. మఠం, కోట, కొత్త ప్రభుత్వం ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. ఊరిని కాదని ఏదీ నిలవలేదు. ఊరికి తన గింజ మీద పూర్తి హక్కు ఏదీ ఇవ్వలేదు. కగ వైభవం గురించి రాసే ప్రతి పుస్తకంలోనూ ఈ రెండు మాటలూ పక్కపక్కన ఉండాలని నా మనవి.