మన్యం జ్వరం, నల్లమందు, మాన్పించే మాత్ర
(స్మారకోపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ డాక్టరుగారు వ్యసనంతో వచ్చిన మనిషిని ఎంత తాగుతావని ముందుగా అడిగేవారు కాదు. ఎందుకోసం మొదలుపెట్టావని అడిగేవారు. నేను చేసిందల్లా అదే ప్రశ్న పాత కాగితాలకు వేయడం.

మన్యంలో 1879 రంప పితూరీ, కల్లు మీద వేసిన చిగురుపన్ను, మత్తుపానీయాల మీద 1886 అబ్కారీ చట్టం మీకు తెలిసినవే. నేను ఆగేది నల్లమందు దగ్గర. గోదావరి, విశాఖ జిల్లాల్లో మన్యం జ్వరానికి, అంటే మలేరియాకు, కాపుగా దాన్ని మింగుతారని ఇంగ్లీషు దొరలే రాసిపెట్టారు. 1893లో లార్డ్ బ్రాసీ అధ్యక్షతన నల్లమందుపై రాయల్ కమిషన్ కూర్చుంది. మన నల్లమందులో అనార్కోటిన్ అనే పదార్థం ఎక్కువ, జ్వరాన్ని ఆపేది అదేనని సభ్యుడైన వైద్యుడు సర్ విలియం రాబర్ట్స్ వాదించారు. నిషేధం అక్కర్లేదని 1895లో కమిషన్ తేల్చింది. తొమ్మిదిమందిలో హెన్రీ విల్సన్ ఒక్కరే అసమ్మతి రాశారు.

తోటి చరిత్రకారులతో నా పేచీ ఇక్కడే. నల్లమందు మీద సర్కారు ఆదాయం కాపాడుకోవడానికి అల్లిన సాకు తప్ప రాబర్ట్స్ వాదనలో మరేమీ లేదంటారు వాళ్లు. ఆదాయం సంగతి కాదనను. కానీ కలకత్తాలో డాక్టర్ ఓషానసీ 1830లలోనే ఆ అనార్కోటిన్‌ను జ్వర రోగులకు ఇచ్చి చూశాడు. అప్పటికి కమిషనూ లేదు, రాబర్ట్సూ లేడు. పోనీ, కొండవాళ్లు అజ్ఞానంతో తిన్నారందామా? 1892లో బెంగాల్ పోస్టాఫీసుల్లో మలేరియా మందు క్వినైన్ పొట్లాలు అమ్మడం మొదలైంది. పోస్టాఫీసే లేని కొండకు ఏ పొట్లం వస్తుంది? నల్లమందు మలేరియాను నయం చేయదు. నొప్పి తగ్గిస్తుంది, విరేచనాలు కడుతుంది. అలవాటయ్యాక మానితే వణుకు, ఒళ్లునొప్పులు, విరేచనాలు వస్తాయి. జ్వరం తిరగబెట్టిందనుకుని మనిషి మళ్లీ ఉండ మింగుతాడు. నా మిత్రులు ఖజానా లెక్కలు చూసినంత శ్రద్ధగా ఈ వణుకును చూడలేదు. ఈ మాట ఇదివరకూ అన్నాను, వాళ్లకు కోపం వచ్చింది, మళ్లీ అంటున్నాను.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. 1897లో సికింద్రాబాదులో డాక్టర్ రాస్ దోమలో మలేరియా క్రిమిని పట్టుకున్నాడు. తినే నల్లమందు అమ్మకానికి 1959తో తెరపడింది. ఇక మాన్పించే మాత్రల సంగతి: తాగుడు మాన్పించడానికి 1948లో డెన్మార్క్‌లో డైసల్ఫిరామ్ వచ్చింది. అది తాగాలన్న తపన తగ్గించదు, తాగితే కడుపులో తిప్పేలా చేసి భయపెడుతుంది. కొండవాళ్ల ఇటుకల పండుగనాడు దొప్పలో జీలుగు కల్లు అందించే ఊరిలో ఆ మాత్ర ప్రమాదం. తర్వాత నల్లమందు జాతి వ్యసనాలకు మెథడోన్, బుప్రెనార్ఫిన్ వచ్చాయి. నాల్‌ట్రెక్సోన్‌ను తాగుడుకు అమెరికా 1994లో అనుమతించింది. తాగితే కలిగే హుషారును అది మందగింపజేస్తుంది, తపన తగ్గుతుంది. రోజుకో మాత్ర చాలు. అయితే కాలేయం చూసుకోవాలి, నల్లమందు జాతి మందులు వాడేవారికి ఇవ్వకూడదు. అకాంప్రొసేట్ మూడు పూటలా వేసుకోవాలి, మూత్రపిండాలు బాగుండాలి. కొండ ఊరికి ఏది నప్పుతుందో అరకు, పాడేరు కొండల్లో పనిచేసే ఆరోగ్య కార్యకర్తలు మీరే చెప్పాలి.

మిగిలింది గంజాయి. దాని తపనకు అనుమతి పొందిన మందు ఇంతవరకు ఒక్కటీ లేదు. మాటతో చేసే చికిత్సే ఉంది. దానికి కొండభాష వచ్చిన మనుషులు కావాలి, ఆ ఉద్యోగాలు మంజూరు కావాలి. సమయం అయిపోయింది, ప్రశ్నలు అడగండి.