కేదారం ఎక్కే ముందు కోటప్పకొండ ఎక్కండి

ఈ ఉక్కపోతలో ఇంతమంది పెద్దవాళ్ళు వచ్చి కూర్చున్నారంటే ఈ ఏడు మన పేట నుంచి చార్ ధామ్ బస్సులు గట్టిగానే కదులుతున్నట్టున్నాయి. జాగ్రత్తలు చెప్పమని నన్ను పిలిచారు. మంకీ క్యాపు, స్వెట్టరు, జండూబామ్ సంగతి మీ కోడళ్ళు చూసుకుంటారు, వాటి జోలికి నేను పోను. నాది ఒకటే ప్రశ్న. టూరుకు డబ్బు కట్టేటప్పుడు వంటమనిషి మనవాడేనా అని అడిగి ఉంటారు, గదికి ఎంతమంది అని అడిగి ఉంటారు. ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకోబెడతారని ఒక్కరైనా అడిగారా?

నరసరావుపేట సముద్రమట్టానికి వంద మీటర్ల ఎత్తు కూడా లేదు. కేదారనాథ్ 3,583 మీటర్లు. పైన గాలిలో ఆక్సిజన్ పాళ్ళు తగ్గుతాయనుకుంటాం గానీ, ఇక్కడైనా అక్కడైనా అది 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. పత్తి బోరేలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే అడుగు బోరెం అణిగి గట్టిగా ఉంటుంది, పైది వదులుగా ఉంటుంది. మనం అడుగు బోరెంలో బతికేవాళ్ళం. కేదారనాథ్‌లో ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ ఇక్కడి దాంట్లో మూడింట రెండు వంతులకు కాస్త తక్కువ. మానస సరోవరం దగ్గర, అంటే 4,590 మీటర్ల మీద, సగం కంటే కొంచెం ఎక్కువ. కైలాస పరిక్రమలో డోల్మా లా కనుమ 5,600 మీటర్లు దాటుతుంది. అక్కడ సగమే.

ఒళ్ళు దీనికి అలవాటు పడగలదు. ఊపిరి వేగం పెంచుతుంది. దాంతో రక్తంలో క్షారం పెరుగుతుంది, దాన్ని మూత్రపిండాలు మెల్లగా బయటికి పంపుతాయి. పైకి వెళ్ళాక మూత్రం ఎక్కువసార్లు రావడానికి అదొక కారణం. ఈ సర్దుబాటుకు రెండు మూడు రోజులు పడుతుంది. ఆ వ్యవధి ఇవ్వకుండా ఎక్కేస్తే తలనొప్పి, వికారం, నీరసం, నిద్ర పట్టకపోవడం. దీన్నే కొండజబ్బు అంటున్నాం.

ఇది ముసలితనం జబ్బని చాలామంది భయం. 1962 చైనా యుద్ధంలో మైదానాల నుంచి మన జవాన్లను హుటాహుటిన హిమాలయాల మీదికి తరలించారు. వయసులో ఉన్నవాళ్ళు, కసరత్తు చేసిన ఒళ్ళు. అయినా ఊపిరితిత్తుల్లో నీరు చేరి పడిపోయారు. సైనిక వైద్యుడు ఇందర్ సింగ్, ఆయన సహచరులు 1,925 మంది సైనికుల్ని పరిశీలించి రాసిన వ్యాసం 1969లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయింది. ఇటు పెద్దవాళ్ళ సంగతి చూడండి. అమెరికాలో కొలరాడో కొండల్లో వేయిల్ అనే ఊరు, 2,500 మీటర్ల ఎత్తు. 1990లలో అక్కడికి వచ్చిన 97 మంది పెద్దవాళ్ళను గమనిస్తే వందకు 16 మందికే కొండజబ్బు కనిపించింది. కుర్రవాళ్ళ కంటే ఎక్కువేం కాదు. అంచేత డెబ్భై ఏళ్ళని బెంగపడకండి. ఎక్కే వేగం గురించి బెంగపడండి, లోపల దాగున్న గుండెజబ్బు గురించి బెంగపడండి.

వేగం మన చేతిలో ఉంది. మూడు వేల మీటర్లు దాటాక, నిన్న పడుకున్న చోటి కంటే ఇవాళ పడుకునే చోటు 500 మీటర్లకు మించి ఎత్తు ఉండకూడదు. పగలు ఎంత ఎక్కారన్నది తర్వాత మాట, రాత్రి ఎక్కడ పడుకున్నారన్నది ముఖ్యం. ఆ లెక్కన చార్ ధామ్‌లో బర్కోట్, ఉత్తరకాశి, గుప్తకాశి మజిలీలు మంచివే, అన్నీ పదమూడు పద్నాలుగు వందల మీటర్ల లోపే. యమునోత్రి, గంగోత్రి చూసుకుని మళ్ళీ కిందికి వచ్చి పడుకుంటారు. చిక్కంతా కేదారనాథ్ దగ్గర. గౌరీకుండ్ 1,980 మీటర్లు. అక్కడ పొద్దున బయల్దేరి 16 కిలోమీటర్లు పైబడి నడిచో, గుర్రం మీదో, ఒక్క రోజులో 1,600 మీటర్లు ఎక్కి, అలిసిన ఒంటితో ఆ రాత్రి అక్కడే పడుకుంటారు. తలనొప్పి ఆ రాత్రే పట్టుకుంటుంది.

హెలికాప్టర్ మంచిదా అని ఇందాక ఒక బాబాయిగారు అడిగారు. కొండజబ్బు మామూలుగా పైకి చేరిన ఆరు నుంచి పన్నెండు గంటలకు గానీ మొదలవదు. వెళ్ళి దర్శనం చేసుకుని అదే పూట దిగితే దాని బెడద చాలావరకు తప్పుతుంది. మబ్బు కమ్మి హెలికాప్టర్ లేవకపోతే మాత్రం ఆ రాత్రి అక్కడే. మందులు, స్వెట్టరు కింద గదిలో వదిలేసి వెళ్ళినవాళ్ళ అవస్థ అప్పుడు చూడాలి. ఇంకొకటి, గుండె అలా ఆరు గంటలు వేచి ఉండదు. చలి, ఆయాసం, క్యూలో నిలబడటం కలిస్తే దిగిన అరగంటకే మొరాయించవచ్చు. 2022 యాత్రాకాలంలో చార్ ధామ్ దారుల్లో రెండు వందల మందికి పైగా యాత్రికులు అనారోగ్యంతో పోయారు. అందులో గుండె ఆగినవే ఎక్కువ.

కైలాసానికి నేపాల్ మీదుగా వెళ్ళే దారి నాకు అసలు నచ్చదు. నేపాల్‌గంజ్ 150 మీటర్లు. అక్కడి నుంచి చిన్న విమానంలో సిమికోట్, హెలికాప్టర్‌లో హిల్సా, కారులో తక్లాకోట్. మొత్తం మీద రెండు రోజుల్లో దాదాపు నాలుగు వేల మీటర్ల మీద ఉంటారు. వాతావరణం చెడితే దిగడానికీ లేదు. 2018 జులైలో ఆ దారిలో పదిహేను వందల మందికి పైగా మన దేశ యాత్రికులు చిక్కుకుపోయారు. వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. విదేశాంగ శాఖ నడిపే కైలాస యాత్రకు 70 ఏళ్ళ లోపు ఉండాలి, బీఎంఐ 25 దాటకూడదు, ఢిల్లీలో వైద్య పరీక్షలు నెగ్గాలి. అమరనాథ్‌కూ 70 ఏళ్ళ హద్దుంది, డాక్టరు సర్టిఫికెట్ తప్పనిసరి. అమరనాథ్ సర్టిఫికెట్ కోసం మా దగ్గరికి వచ్చి, చెయ్యి కూడా పట్టుకోనివ్వకుండా సంతకం అడిగేవాళ్ళున్నారు. నవ్వకండి, అందులో కొందరు ఇక్కడే ఉన్నారు. చార్ ధామ్‌కు ఆ వయసు హద్దు కూడా లేదు, పేరు నమోదు చేసుకుంటే చాలు. అక్కడ మనల్ని ఆపాల్సింది మనమే.

ఎవరు ఆగాలి? గుండెపోటు వచ్చినా, స్టెంట్ వేసినా ఆరు నెలలైనా గడవాలి. నాలుగు అడుగులకే ఛాతీ పట్టేసేవాళ్ళు, కాళ్ళవాపులు తగ్గనివాళ్ళు వెళ్ళకూడదు. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల దగ్గర, మిల్లుల్లో పత్తి దుమ్ములో ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళు, చుట్టలు, బీడీలు కాల్చినవాళ్ళు ముందుగా ఊపిరి పరీక్ష చేయించుకోవాలి. కంటి లోపలి పొరకు ఆపరేషన్ చేసి లోపల గ్యాస్ బుడగ పెట్టినవాళ్ళు, అది కరిగిందని కంటి డాక్టరు చెప్పేదాకా విమానమూ ఎక్కకూడదు, కొండా ఎక్కకూడదు. ఎత్తుకు వెళ్తే బుడగ ఉబ్బుతుంది, చూపు పోతుంది. శుక్లాల ఆపరేషన్ వేరు, దానికి ఈ భయం లేదు.

మిగతావాళ్ళకు ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ఘాట్ రోడ్డు పడ్డాక కోటప్పకొండ మెట్లదారి మనవాళ్ళు మర్చిపోయారు. రెంటచింతల ఎండలు ముదరకముందే, రెండు నెలల ముందు నుంచి, తెల్లారుజామున ఆ మెట్లు ఎక్కండి. మాట్లాడుతూ ఎక్కగలిగితే మంచిదే. ‘చేదుకో కోటయ్యా’ అనడానికి కూడా ఊపిరి చాలకపోతే, కేదారం గురించి తర్వాత ఆలోచిద్దాం, ముందు ఈసీజీ, ఎకో తీయిద్దాం.

ఇక మందుల కవరు విప్పుదాం. షుగరుకు గ్లిమిపిరైడ్ వేసుకునేవాళ్ళు ఇక్కడ సగం మందైనా ఉంటారు. దర్శనమయ్యేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టనని కూర్చుని, మాత్ర మాత్రం వేసుకుని కొండ ఎక్కుతారు. షుగరు పడిపోతుంది. చెమట, వణుకు, తికమక మొదలైతే పక్కవాళ్ళు చలి అనుకుంటారు. ఆ రోజు మోతాదు ఎంతో ముందే డాక్టరుతో మాట్లాడుకోండి, జేబులో బెల్లం ముక్క పెట్టుకోండి, శివుడు ఏమీ అనుకోడు. ఇన్సులిన్ ఇంట్లో ఫ్రిజ్‌లో పెడతాం కదా అని అక్కడ చలికి బయట వదిలేస్తారు. అది గడ్డకడితే పనికిరాదు, మళ్ళీ కరిగినా పారేయాల్సిందే. బనియన్‌కూ చొక్కాకూ మధ్య, ఒంటి వేడి తగిలేలా పెట్టుకోండి. షుగరు చూసే మిషనూ అక్కడే. నిద్ర పట్టడం లేదని అల్ప్రాజోలం వేసుకునేవాళ్ళు ఎత్తు మీద దాన్ని ముట్టవద్దు. నిద్రలో ఊపిరిని ఇంకా తగ్గిస్తుంది. రోజూ అలవాటున్నవాళ్ళు హఠాత్తుగా మానకూడదు, నెల ముందే వచ్చి అడగండి. కొండజబ్బు రాకుండా అసిటజోలమైడ్ ఉంది. మామూలుగా 125 మిల్లీగ్రాములు పూటకొకటి, రోజుకు రెండు, ఎక్కే ముందు రోజు నుంచి. సల్ఫా పడనివాళ్ళు, మూత్రపిండాల జబ్బున్నవాళ్ళు మందుల షాపులో అడిగి కొనేసి వేసుకోకూడదు.

బస్సులో బాత్రూమ్ ఉండదని ఆడవాళ్ళు, ప్రోస్టేట్ ఇబ్బందితో మగవాళ్ళు నీళ్ళు మానేస్తారు. నీళ్ళు తగ్గినా తలనొప్పే, కొండజబ్బైనా తలనొప్పే, ఏదో పోల్చుకోలేం. రెండు గంటలకోసారి బస్సు ఆపించండి. మొహమాటం వద్దు.

ఆ మొహమాటంతోనే నాకు పెద్ద తగాదా. రాత్రి పెద్దాయనకు తల పగిలిపోతుంటుంది, వాంతి అయింది. పెద్దావిడ చెవిలో చెబుతుంది: “ఏవండీ, ఎవరితోనూ చెప్పమాకండి. మనల్ని కిందికి పంపించేస్తారు, ఇంతదూరం వచ్చి దర్శనం పోతది.” పొద్దున ఆయన తూలుతుంటాడు. నిద్ర చాలలేదంటారు. అమ్మా, ఆ తూలడమే మెదడు వాపుకు గుర్తు. మడమకు వేలు ఆనించి గీత మీద నడిచినట్టు పది అడుగులు వేయించండి. పక్కకు పడిపోతుంటే ఇక దర్శనం మాట లేదు. కూర్చున్నా ఆయాసం, తగ్గని దగ్గు, నురగ కఫం వస్తే ఊపిరితిత్తుల్లో నీరు. ఈ రెంటికీ మందు కిందికి దిగడమే. వెంటనే, తోడుతో, నడిపించకుండా. అక్కడి వైద్య శిబిరంలో ఆక్సిజన్ పెట్టినా, దిగే ఏర్పాటు ఆపకూడదు. ఉత్త తలనొప్పి అయితే మాత్రం కంగారు లేదు. ఆ రోజు పైకి వెళ్ళకుండా ఉన్నచోటే విశ్రాంతి తీసుకోండి, తగ్గకపోతే దిగండి.

కర్పూరం వాసన చూస్తే ముక్కు తేటపడినట్టు ఉంటుంది గానీ ఆక్సిజన్ రాదు. డబ్బాల్లో అమ్మే ఆక్సిజన్ నాలుగైదు నిమిషాల ముచ్చట. కరోనా నాడు కొన్న ఆక్సీమీటర్ పట్టుకెళ్ళండి, కానీ కేదారనాథ్‌లో 86 చూపించిందని బెదరకండి. ఆ ఎత్తులో ఆరోగ్యవంతులకూ అటూ ఇటూగా అంతే ఉంటుంది. చల్లటి వేలు పెడితే తప్పు చూపిస్తుంది, చెయ్యి రుద్దుకుని పెట్టండి. పక్కవాళ్ళకు 87 ఉండి మీకు 74 ఉంటే మాత్రం, ఒంట్లో ఎలా ఉన్నా డాక్టరు దగ్గరికి పదండి.

నేను చెప్పాల్సింది అయింది. మందుల చీటీలు తెచ్చుకున్నవాళ్ళు ఇటు వరసలో రండి, షుగరు మాత్రలవాళ్ళు ముందు. టూరు కాగితం కూడా తీయండి, ఏ రాత్రి ఏ ఊరని రాశారో చూద్దాం.