థింసా పాటను కంప్యూటర్‌లో పేర్చుకుందాం

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా మధురవాడలో చేసిన ప్రసంగ పాఠం)

 

అరకు, పాడేరు వైపు పెళ్లిళ్లలో ఇప్పుడు తుడుముతో పాటు డీజే బాక్సులూ మోగుతున్నాయి. వాటిని తిట్టడానికి మేం రాలేదు. ఆ పాట చేసే చెయ్యి మనదైతే బాగుంటుంది కదా అన్నదే మా మాట. మా హాస్టల్లో సెలవు రోజుల్లో పిల్లలతో కూర్చుని ఆ పనే చేస్తున్నాం.

మీలో చాలామంది ఎఫ్ఎల్ స్టూడియో పేరు చెబుతారు. దాని ట్రయల్‌లో పాట సేవ్ అవుతుంది గానీ, కొంటే తప్ప మళ్లీ తెరుచుకోదు. అందుకని మేం ఎల్ఎమ్ఎమ్ఎస్ వాడుతున్నాం. అది పూర్తిగా ఉచితం. దాని 1.2 వెర్షన్‌లో గొంతు నేరుగా రికార్డు కాదు. ఆడాసిటీలో రికార్డు చేసి, ఆ ఫైలును శాంపిల్ ట్రాక్‌లో పెట్టుకోవాలి.

ప్యాటర్న్ అంటే ఒక దరువు ముక్క. 16 గడులు ఉంటాయి, దెబ్బ పడేచోట గడి వెలిగిస్తాం. ట్రాక్ అంటే వరుస. దరువుకు ఒక వరుస, కిరిడికి ఒకటి, మోరికి ఒకటి, గొంతుకు ఒకటి. ఎడమ నుంచి కుడికి కాలం నడుస్తుంది. ఒకే ప్యాటర్న్‌ను పది చోట్ల పెట్టారనుకోండి, ఒక్కచోట మారిస్తే పది చోట్లా మారిపోతుంది. చరణానికి వేరే దరువు కావాలంటే ముందు క్లోన్ చేసి, ఆ నకలును మార్చాలి.

ఇక అసలు చిక్కు. సాఫ్ట్‌వేర్ తెరవగానే వేగం 140, తాళం నాలుగు బై నాలుగు అని సిద్ధంగా ఉంటుంది. అవి మన అవ్వ పాట విని పెట్టిన అంకెలు కావు. థింసా ఆట వేడెక్కేకొద్దీ దరువు జోరందుకుంటుంది. అవ్వను ఆ అంకెలకు తగ్గట్టు పాడమంటే పాట బిగుసుకుపోతుంది. మేం ముందు ఆవిడ గొంతును మామూలుగా, తుడుముతోనే రికార్డు చేసి మొదటి ట్రాక్‌లో పెడతాం. తర్వాత టెంపోకు ఆటోమేషన్ గీసి, వేగాన్ని పాట వెంట నడిపిస్తాం. టెంపో మారినా రికార్డు చేసిన గొంతు తన వేగంలోనే ఉంటుంది, ప్యాటర్న్‌లు మాత్రమే కదులుతాయి. దీనికి ఓపిక కావాలి, ఒక్క పాటకు రెండు మూడు ఆదివారాలు పడుతుంది. బోడ థింసాకు, భాగ్ థింసాకు అడుగు వేరు. ఒకే లూప్ రెండింటికీ అతికిస్తే ఆడేవాళ్ల కాళ్లు కదలవు.

నెట్‌లో ‘ట్రైబల్ డ్రమ్’ అని దొరికే శబ్దాలు ఏ దేశానివో, ఎవరివో! మన తుడుమే ఒక్కో దెబ్బగా రికార్డు చేసుకుంటే సరిపోతుంది. ఫోన్‌ను మరీ దగ్గర పెట్టకండి, శబ్దం పగులుతుంది. నాలుగైదు అడుగుల దూరం చాలు.

ఎల్ఎమ్ఎమ్ఎస్‌లో ప్రాజెక్ట్ నోట్స్ అని ఒక కిటికీ ఉంది. పాడినవాళ్ల పేరు, వాయించినవాళ్ల పేరు, ఊరు, భాష, తేదీ అందులో రాయండి. యూట్యూబ్‌లో పెట్టేముందు వాళ్లను అడగండి. పూజకే పాడే పాట అయితే, వద్దంటే వద్దు. పేరు లేకుండా బయటికి వెళ్లిన పాటను రేపు ఇంకెవరో తమదంటే, మనం చూపించడానికి ఏమీ ఉండదు.

దసరా సెలవులకు ఊరెళ్లినప్పుడు తుడుము వాయించే తాతల దగ్గర ఒక పూట కూర్చోండి. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టడం మరిచిపోకండి, పాట మధ్యలో రింగ్ వస్తే తాతకు కోపం వస్తుంది, మళ్లీ పాడరు.