ఆప్తు డెవ్వడు? - పత్రికలు, ఎన్నికలు, కుటుంబము
(సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాస పాఠము)



ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు పాఠములు చెప్పి విశ్రాంతి గైకొన్న నాకు, ఈ మహాసభయందు నాలుగు మాటలు విన్నవించు నవకాశ మొసగిన కార్యవర్గమువారికి కృతజ్ఞుడను. విద్యార్థి వేతనములను గూర్చియు, వసతిగృహమును గూర్చియు పెద్దలు చక్కగా సెలవిచ్చియున్నారు. నేను మన యిండ్లలో ప్రతిదినము జరుగు నొక చిన్న విషయమును గూర్చి మనవి చేసెదను. అది వార్తలను నమ్ముట యనునది.

తెలుగున 'ఆప్తుడు' అనగా మనకు కావలసినవాడు, కష్టసుఖములందు తోడుండువాడు. న్యాయశాస్త్రమున నా పదమునకు వేఱర్థము కలదు. ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నైయాయికులకు ప్రమాణములు నాలుగు. శబ్దము ప్రమాణము కావలయునన్న, పలికినవాడు ఆప్తుడై యుండవలయును. ఆప్తుడన నెవ్వడు? విషయమును సాక్షాత్తుగా నెఱిగినవాడు. ఎఱిగినదానిని ఎఱిగినట్లే యితరులకు తెలుప గోరువాడు. న్యాయసూత్రములకు భాష్యము రచించిన వాత్స్యాయనుడు ఈ లక్షణము ఋషులకును, ఆర్యులకును, మ్లేచ్ఛులకును సమానమే యని స్పష్టముగా చెప్పెను. కులగోత్రముల ప్రసక్తి యిందు లేదు. మనవాడగుట యొక సంగతి, సత్యము పలుకుట మఱొక సంగతి. ఈ రెండర్థములను కలిపివేయుటవలననే నేటి మన చిక్కు కలిగినది. 'ఆ పత్రిక మనవారిది, కావున అందున్నది నిజము. ఈ పత్రిక యెదుటివారిది, కావున ఇందున్నది కల్ల.' ఇదియే మన తర్కము!

పత్రికకు పక్షముండుట దోషమని నే ననను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో స్థాపించిన 'వివేకవర్ధని' సంఘసంస్కరణ పక్షము వహించెను. 1902లో బందరున వెలసిన 'కృష్ణాపత్రిక'యు, 1908లో బొంబాయియందు వారపత్రికగా పుట్టి 1914లో చెన్నపురిని దినపత్రికయైన 'ఆంధ్రపత్రిక'యు జాతీయోద్యమ పక్షము వహించినవి. 1926లో హైదరాబాదున సురవరము ప్రతాపరెడ్డిగారి సంపాదకత్వమున బయలువెడలిన 'గోలకొండ పత్రిక' నిజాము రాజ్యమందలి తెలుగువారి పక్షము నిలిచెను. ఆ పక్షము పాఠకునకు తెలిసియే యుండెను. పైగా పంతులుగారు తమవారి దురాచారములను సైతము విడిచిపెట్టలేదు.

పక్షమును దాచి నిష్పక్షపాతమను ముసుగు వేసికొనుట దోషము. అంతకంటె పెద్ద దోషము, వెల పుచ్చుకొని ప్రకటనను వార్తగా అచ్చువేయుట. 2009 ఎన్నికల పిమ్మట దీనిని గూర్చి దేశమున పెద్ద చర్చ జరిగి, 2010లో ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 'పెయిడ్ న్యూస్'పై నివేదిక వెలువరించెను. ధనరూపముననో వస్తురూపముననో ప్రతిఫలము పుచ్చుకొని ప్రచురించు వార్తయు విశ్లేషణయు అట్టిదే యని నిర్వచించెను. ఇట్టివానిని కనిపెట్టుటకు ఎన్నికల సంఘము జిల్లాకొక కమిటీని ఏర్పఱచుచున్నది. ప్రకటనయని తెలిసిన పాఠకుడు జాగ్రత్తపడును. వార్తయని నమ్మినవాడు మోసపోవును.

వెల పుచ్చుకొనకయే, అబద్ధమాడకయే మోసగించుటయు కలదు. ఆంధ్రప్రదేశమున 2024 మే 13న శాసనసభకును లోక్‌సభకును ఒక్కనాడే పోలింగు జరిగెను గదా! ఆ దినములలో మా యూర జరిగిన యొక బహిరంగసభను గూర్చి మా యింటికి వచ్చు రెండు పత్రికలును వ్రాసినవి. ఒకదానిలో వేదిక ముందటి జనసమూహపు ఛాయాచిత్రము. రెండవదానిలో వెనుక వరుసలందలి ఖాళీ కుర్చీల చిత్రము. ఆ సభకు నేనును పోయియుంటిని. రెండు చిత్రములును నిజమే. ఒక్కొక్క పత్రిక సగము చూపి సగము దాచెను.

మా పెద్దవాడు చదువునది యొక పత్రిక, చిన్నవాడు చదువునది మఱొకటి. ఆ సగముల కొఱకు ఇద్దఱును పోరాడిరి. మొదట మాటలు పెరిగెను, పిమ్మట మాటలే నిలిచిపోయెను. అన్నదమ్ములు ఒక్క పంక్తిని భోజనమునకు కూర్చుండుట మానిరి. కోడండ్రిద్దఱు ఒకే వంటింట మెలగుచు పలుకరించుకొనరైరి. జూన్ 4న ఫలితములు వెలువడినప్పుడు మా యింట నొకడు గెలిచినట్లును, ఒకడు ఓడినట్లును తోచెను. పోటీచేసినవారిలో మా చుట్టమొక్కడైన లేడు!

మా తండ్రిగారి యాబ్దికమునాడు ఇద్దఱును ఒక్కచోట కూర్చుండవలసి వచ్చెను. విస్తళ్ల యెదుటనే వాదము మరల మొదలయ్యెను. వారి తల్లి వడ్డన ఆపి, "మీరు చెప్పేది మీ యిద్దరిలో ఎవరు చూశారురా?" అని యడిగెను. ఇద్దఱును ఊరకుండిరి. ఆమెకు న్యాయశాస్త్రము తెలియదు. ఆమె యడిగినది మాత్రము ఆప్తలక్షణమునే. నాటినుండి మా యింట నొక నియమ మేర్పడినది. వార్త తెచ్చినవాడు మూడు ప్రశ్నలకు బదులు చెప్పవలయును. చూచినవా రెవరు? చూచినది చూచినట్లే చెప్పిరా? ఆ చెప్పుటవలన లాభ మెవరికి? చేతి ఫోనులోనికి వచ్చు వాట్సాప్ సందేశములకును ఇదియే నియమము. వానిలో పెక్కు మొదటి ప్రశ్నయొద్దనే నిలిచిపోవుచున్నవి.

శాస్త్రమున చర్చలు మూడు విధములని చెప్పబడినది. తత్త్వము నెఱుగుటకు చేయునది వాదము. గెలుపు కొఱకు చేయునది జల్పము. తనకొక సిద్ధాంతము లేక పరుల మాటను పడగొట్టుటకే చేయునది వితండము. టెలివిజనులో రాత్రివేళ మనము చూచు చర్చలు ఏ కోవకు చెందునో మీరే నిర్ణయింపుడు. ఇంటిలో మాత్రము వాదమే యుండవలయును. వాదమున ఓడినవానికిని లాభమే, తెలియనిది తెలియును.

ఇక మన సంఘమునకు సంబంధించిన మాట. 'మన ఓట్లన్నియు ఒక్కవైపునకే' యని తీర్మానింపవలయునని కొందఱు మిత్రులు కోరుచున్నారు. ఐక్యము లేనిచో మనల నెవరు లెక్కచేయుదురని వారి ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్నయే. ఐనను నేనా తీర్మానమును వ్యతిరేకించుచున్నాను. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము 123వ సెక్షను ననుసరించి అభ్యర్థియో, అతని యేజెంటో, అతని సమ్మతితో మఱియొకడో కులము పేర ఓటడుగుట అక్రమము. ఓటరు కులమును చూపి అడుగుటయు అందు చేరునని 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తులలో నలుగురి యాధిక్యముతో తీర్పు చెప్పెను. అభ్యర్థి సమ్మతితో మనము తీర్మానించితిమా, అతని యెన్నికకే ముప్పు. సమ్మతి లేకున్నను కీడు తప్పదు. ఓటు రహస్యమని చట్టము చెప్పుచుండగా, 'నీ వెవరికి వేసితివి?' యను ప్రశ్న ప్రతి గడపను తొక్కును. మా యింట జరిగినది వీధివీధిని జరుగును. మఱియు బస్తా కట్టిన ధాన్యమునకు బేరగాడు బస్తా యజమానితో మాటాడునుగాని గింజలతో మాటాడడు. మనము గింజల మగుదుము.

కావున ఐక్యము మన కోరికలయందుండనిండు. ఓటు ఎవరి మనస్సునకు వారిదే కానిండు. అభ్యర్థుల నందఱను ఈ వేదికకు పిలుతము. విద్యార్థి వేతనములు, వసతిగృహము, పేదపిల్లల చదువు - వీనిని గూర్చి అందఱ నొక్క ప్రశ్నలే యడిగి, వారి సమాధానములను ఒక్క కొలతతో అచ్చువేసి యింటింటికి పంపుదము. ఓటు హక్కు వయస్సు 1989లో 21 నుండి 18 సంవత్సరములకు తగ్గెను. మన వసతిగృహమందలి కళాశాల విద్యార్థులలో పెక్కురు ఓటరులే. వారి పఠనాలయమున పరస్పర విరుద్ధములైన పత్రికలను ఒక్క బల్లపై నుంచి, ఒక్క సంఘటనను రెంట చదివి పోల్చుట నేర్పుదము. దీనికగు చందాలో నా వంతు నేడే కోశాధికారిగారికి సమర్పించుచున్నాను.

సోదరులారా! సార్వత్రిక యెన్నిక సాధారణముగా నైదేండ్లకొకమారు వచ్చిపోవును. పెండ్లికి పందిరి వేయుటకును, రోగమున తలాపున కూర్చుండుటకును రావలసినవాడు మన తోబుట్టువే. అతడు తెలుగువారి యర్థమున ఆప్తుడు. అతని ఓటు మన ఓటువలె నుండనక్కఱలేదు. వార్త చెప్పువాడు శాస్త్రార్థమున ఆప్తుడు. అతడు మనవాడు కానక్కఱలేదు. ఈ వివేకమును మన పిల్లలకు అలవఱచుడని పెద్దలను ప్రార్థించుచున్నాను.