ప్రభుత్వాలు మారాయి, మన ప్రాతినిధ్యం మారలేదు



తెలంగాణ శాసనసభకు జరిగిన మూడు ఎన్నికల ఫలితాలను ఒకసారి పరిశీలిద్దాం. 119 స్థానాలలో తెలంగాణ రాష్ట్ర సమితి 2014లో 63, 2018లో 88 గెలిచింది. 2023లో 64 స్థానాలతో కాంగ్రెస్ అధికారానికి వచ్చింది.

ఈ మూడు సభలకు ఎన్నికైన ముస్లింలు వరుసగా 8, 8, 7 మంది. 2011 జనాభా లెక్కల ప్రకారం రాష్ట్రంలో మనం సుమారు 12.7 శాతం. ఆ నిష్పత్తిలో 15 మంది ఉండవలసింది. ప్రతిసారీ ఏడుగురు హైదరాబాదు నుండి మజ్లిస్ తరఫున గెలిచినవారే. తక్కిన జిల్లాలన్నింటికీ కలిపి బోధన్ నుండి ఒక్కరుండేవారు. 2023లో ఆ ఒక్క స్థానమూ పోయింది.

పాతబస్తీలో మన ఓట్లు ఒక్కచోట ఉన్నాయి, జిల్లాలలో చెదిరి ఉన్నాయి. అందుకే అక్కడ మన ఓటు ఇతరుల గెలుపుకు తోడ్పడుతున్నదే గాని మనవారిని సభకు పంపలేకపోతున్నది. నాలుగు శాతం రిజర్వేషన్లు, వక్ఫ్ భూములు చర్చకు వచ్చినప్పుడు జిల్లాల ముస్లింల గోడు అక్కడ ఎవరు వినిపిస్తారు?

కనుక అభ్యర్థుల జాబితాలు ఖరారు కాకముందే ప్రతి పార్టీనీ నిలదీద్దాం: గెలవగల స్థానాలలో మనకెన్ని ఇస్తారు? ఓటర్ల జాబితాలో మన ఇంటిల్లిపాది పేర్లనూ ఇప్పుడే సరిచూసుకుందాం.