అచ్చు కథ, అమరిక పాఠం

(సొసైటీ తరఫున తిరుపతిలో జరిగిన ఉచిత డి.టి.పి. శిక్షణ తరగతుల ముగింపు సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసాలు చెప్పేవాణ్ణి కాను. ట్రెడిల్ మిషను దగ్గర పని మొదలుపెట్టి, ఇప్పుడు కంప్యూటరు ముందు కూర్చున్న ప్రెస్సు మనిషిని. మీరు పేజ్‌మేకర్, కోరల్‌డ్రా, ఫోటోషాప్ నేర్చుకున్నారు. ఏ బటన్ ఎక్కడుందో నాకన్నా మీకే బాగా తెలుసు. అందుకని రెండే విషయాలు చెబుతాను. ఈ పని మన చేతికి ఎట్లా వచ్చింది? దీన్ని ఎవరికోసం చెయ్యాలి?

ముందు మన పక్కనే ఉన్న శ్రీకాళహస్తికి పోదాం. అక్కడి కలంకారీ మీ అందరికీ తెలుసు. బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో తడిపి ఆరబెట్టి, వెదురు కలంతో చేత్తో గీస్తారు. ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్ళలో ఊరబెట్టి నల్లరంగు తీస్తారు. అదే కలంకారీని మచిలీపట్నం దగ్గర పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు. కాళహస్తిలో ప్రతి గీతా కొత్తగా గీయాల్సిందే. పెడనలో ఒకసారి చెక్కిన అచ్చు వందల గజాల బట్ట మీద పడుతుంది. చేతిరాతకూ అచ్చుకూ ఉన్న తేడా ఇదే.

'కలంకారీ' పారసీ నుంచి వచ్చిన మాట. 'కాగితం' కూడా ఆ దారినే వచ్చింది. కాగితం చైనాలో పుట్టి, ఎనిమిదో శతాబ్దంలో సమర్‌ఖండ్‌కు, బాగ్దాదుకు చేరి, తర్వాత అరబ్బుల ద్వారా యూరప్‌కు పోయింది. మనం రోజూ కొనే 'రీము' అన్న మాటకు మూలం అరబ్బీ 'రిజ్మా', అంటే కట్ట. ఇంగ్లీషు మాట అనుకొని వాడుతున్నాం గానీ దాని వెనక ఇంత ప్రయాణం ఉంది.

అచ్చు కూడా ముందు తూర్పుదే. చైనాలో 868లో చెక్క అచ్చులతో వేసిన బౌద్ధ గ్రంథం ఈనాటికీ ఉంది. 1040ల్లో బీ షెంగ్ మట్టితో విడి అక్షరాలు చేశాడు. 1377లో కొరియాలో లోహపు అక్షరాలతో పుస్తకం వేశారు. 1455 ప్రాంతంలో జర్మనీలోని మైంజ్ పట్టణంలో గూటెన్‌బర్గ్ లోహపు అక్షరాలు, నూనె సిరా, చెక్క ప్రెస్సు మూడూ కలిపి బైబిలు అచ్చువేశాడు. ఆ తర్వాత నూరేళ్ళకు, 1556లో, ప్రెస్సు గోవాలో దిగింది.

తెలుగుకు మాత్రం ఆలస్యమైంది. మద్రాసులో పనిచేసి వెళ్ళిన బెంజమిన్ షుల్జ్ అనే మతబోధకుడు 1746-47లో జర్మనీలోని హాలేలో తెలుగు పుస్తకాలు వేయించాడు. తెలుగు టైపు తయారుచేయడం తేలిక కాదు. ఇంగ్లీషుకు పెద్ద అక్షరాలు ఇరవయ్యారు, చిన్నవి ఇరవయ్యారు. మనకు అక్షరాలు, గుణింతాలు, వత్తులు అన్నీ కలిపి కొన్ని వందల ముక్కలు కావాలి. నేను పని నేర్చుకున్నప్పుడు కేసులో ఏ గడిలో ఏ వత్తు ఉందో చెయ్యి గుర్తుపట్టాలి. అక్షరాన్ని అద్దంలో చూసినట్టు తిరగేసి చదవాలి. ఒక గుణింతం అయిపోతే పేజీ ఆగిపోయేది.

పందొమ్మిదో శతాబ్దంలో తెలుగు అచ్చుకు మద్రాసు కేంద్రమైంది. మన కడపలో ఉద్యోగం చేసిన బ్రౌను దొర 1829లో వేమన పద్యాలు, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వేయించారు. ఈ సభలో ఇంకో పేరు చెప్పాలి. 1842లో మద్రాసు నుంచి 'వర్తమాన తరంగిణి' అనే వారపత్రిక వచ్చింది. తొలినాటి తెలుగు పత్రికల్లో అది ఒకటి. దాన్ని పెట్టినవారు సయ్యద్ రహమతుల్లా. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు 'తెలుగు టైపింగు మనకెందుకు' అన్నప్పుడల్లా నాకు ఆయన పేరు గుర్తొస్తుంది.

మరి ఉర్దూ సంగతి? నస్తాలీఖ్ రాతలో అక్షరాలు ఒకదాని మీద ఒకటి వాలుతూ దిగుతాయి. సీసపు ముక్కలకు అది లొంగలేదు. 1796 ప్రాంతంలో జర్మనీలో సెనెఫెల్డర్ రాతి అచ్చు కనిపెట్టాడు. నూనె, నీళ్ళు కలవవు. జిడ్డు సిరాతో రాసిన చోటే రంగు అంటుకుంటుంది, తడి ఉన్న చోట అంటదు. అందువల్ల కాతిబు రాత ఉన్నదున్నట్టు అచ్చులోకి వచ్చింది. చెన్నైలో 1927లో మొదలైన 'ది ముసల్మాన్' దినపత్రిక కంప్యూటర్లు వచ్చాక కూడా కాతిబుల చేతిరాతతోనే వస్తూ వచ్చింది. ఈరోజు మన ఊరి ఆఫ్‌సెట్ మిషనులో జరిగేదీ ఆ నూనె, నీళ్ళ లెక్కే.

ఇక నేను చేసిన ఒక తప్పు చెబుతాను. చాలా ఏళ్ళ కిందట ఒక సంస్థవాళ్ళకు స్కాలర్‌షిప్పుల కరపత్రం వేశాను. పైన అంచంతా పూలు, మధ్యలో పెద్దల ఫోటోలు. దరఖాస్తుకు ఆఖరు తేదీని అడుగున ఆకుపచ్చ పట్టీలో, ఎర్రటి సన్న అక్షరాల్లో పెట్టాను. చూసినవాళ్ళంతా బాగుందన్నారు. గడువు దాటిన వారానికి ఒకామె ఆ కాగితం పట్టుకొని ప్రెస్సుకొచ్చింది. కింద ప్రెస్సు పేరు ఉంది కదా, ఆఫీసు ఇదే అనుకొని వచ్చింది. పక్కింటి పిల్లోడితో చదివించుకుందట. వాడు తేదీ చూడలేదు. "అన్నా, తేదీ యాడుంది ఇందులో?" అని అడిగింది. వేలు పెట్టి చూపించాను. ఆమె ఇంకేమీ అనలేదు. కాగితం మడిచి కొంగులో పెట్టుకొని వెళ్ళిపోయింది. ఆ ఏడు వాళ్ళ అమ్మాయికి డబ్బు అందలేదు. ఆ తప్పు సంస్థది కాదు, నాది.

ఆమె దగ్గర నేర్చుకున్న పాఠాలే మీకు చెబుతున్నాను.

మొదటిది, ముందువెనకలు. కాగితం చూడగానే కన్ను ఎక్కడ పడాలో మీరే నిర్ణయించాలి. ఎవరికి, ఏమిటి, ఎప్పటిలోగా, ఎక్కడ? ఈ నాలుగూ పెద్దగా ఉండాలి. మిగిలినవన్నీ తర్వాత.

రెండు, దగ్గర, దూరం. సంబంధం ఉన్నవి పక్కపక్కన పెట్టండి. తేదీ ఒక మూల, చిరునామా ఒక మూల ఉంటే చదివేవాడు వెతుక్కోవాలి.

మూడు, వరస. ఒకే గీత పట్టుకొని అమర్చండి. తెలుగు ఎడమ నుంచి, ఉర్దూ కుడి నుంచి మొదలవుతాయి. రెండూ ఉన్న కరపత్రంలో దేని అంచు దానికి ఇవ్వండి. తెలుగు మాటలు పొడవు. సన్నటి కాలమ్‌లో రెండు వైపులా సమానంగా లాగితే మధ్యలో గుంటలు పడతాయి.

నాలుగు, తేడా. తెలుగులో క్యాపిటల్ అక్షరాలు లేవు. కాబట్టి సైజుతో, లావుతో తేడా చూపించాలి. చిన్న సైజులో మరీ బోల్డు చేస్తే అక్షరాల లోపలి ఖాళీ పూడిపోయి 'ప', 'వ' ఒకటిగా కనిపిస్తాయి. రంగు మీద రంగు వేసేముందు ఒకసారి నలుపు తెలుపులో ప్రింటు తీసి చూడండి. నా ఎరుపు, ఆకుపచ్చ అప్పుడే దొరికిపోయుండేవి.

ఐదు, ఖాళీ. కింద వత్తులు, పైన గుడులు ఉండే భాష మనది. పన్నెండు పాయింట్ల అక్షరానికి పదహారు, పదిహేడు పాయింట్ల లైను ఇస్తేగానీ ఊపిరాడదు. నస్తాలీఖ్‌కు ఇంకా ఎక్కువ కావాలి. ఖాళీ జాగా దండగ కాదు. చోటు చాలకపోతే ఫోటో ఒకటి తీసెయ్యమని కమిటీవాళ్ళకు మర్యాదగా చెప్పండి. వేదికపై ఉన్న పెద్దలు నన్ను మన్నించాలి!

చివరగా ఒక పరీక్ష. ప్రెస్సుకు పంపేముందు ప్రూఫును విషయం తెలియని ఒక మనిషి చేతిలో పెట్టండి. మీ నానీ కావచ్చు, టీ కొట్టాయన కావచ్చు. ఆఖరు తేదీ ఎప్పుడు, ఎక్కడికి పోవాలి, ఏమేం తీసుకుపోవాలి అని అడగండి. వాళ్ళు వెతుక్కుంటూ ఉంటే తప్పు మీ పేజీలో ఉంది, వాళ్ళ చదువులో కాదు.

దాతలు ఇచ్చే డబ్బు అమానతు అంటాం. ఆ సాయం ఎక్కడుందో చెప్పే కాగితం కూడా అమానతే. అది రేపటినుంచి మీ చేతుల్లో ఉంటుంది.